మామగారు తెచ్చిన ఇనుప కుదురు

మా ఇంట్లో మంచినీళ్ళ కుండ కింద ఒక ఇనుప కుదురు ఉండేది. మోచేతి పొడవు కూడా లేని గొట్టం అది. రెండు వైపులా నోరు తెరుచుకునే ఉంటుంది. ఒంటి చుట్టూ పల్చటి రేకుల్లాంటి అంచులు, ఒకదాని కింద ఒకటి, వేలు దూరనంత దగ్గరగా. పైన నాలుగు వేళ్ళ వెడల్పున నున్నటి మెడ, ఆ మెడ కింద బోల్టులు దూరే బెజ్జాలున్న చుట్టు. నేల మీద నిలబెడితే కదలదు. దాని మీద గుండ్రటి అడుగున్న కుండ పెడితే ఆ కుండ కోసమే చేసినట్టు కూర్చుంటుంది. నేను కాపురానికి వచ్చేటప్పటికే వరండా మూల అది ఉంది. తుడిచేటప్పుడు దాని చుట్టూ తుడవాలి, జరపకూడదు అని మా అత్తగారు మొదటి రోజే చెప్పారు. ఎందుకని నేను అడగలేదు. బరువు కాబట్టి జరపాలని నాకూ అనిపించలేదు.

దాన్ని తెచ్చింది మా మామగారు. యుద్ధం అయిపోయాక తెల్లవాళ్ళు వదిలేసి పోయిన విమానాలను పగలగొట్టి పాత సామానుగా అమ్మేచోట ఆయన కూలిపని చేశారట. అక్కడ అల్యూమినియం కరిగించి అమ్ముకునేవారు, ఈ ఉక్కు గొట్టాలను పక్కన పారేసేవారు. పారేసిన వాటిలోంచి రెండింటిని భుజానికొకటి వేసుకుని నడిచి వచ్చానని చెప్పేవారు. ఒకటి కొడుక్కి ఇచ్చారు, ఒకటి కూతురికి ఇచ్చారు.

ఆయన ఇంకా చాలా చెప్పేవారు. విమానంలో కూర్చుని హౌరా వంతెన కిందనుంచి దూసుకుపోయానని చెప్పేవారు. లాటు దొర తన చేతి చేపల కూర తిని ఇంకొంచెం వెయ్యమన్నాడని చెప్పేవారు. శ్రీకాకుళం అడవిలో పులి ఎదురైతే దానికి చుట్ట వెలిగించి ఇచ్చానని, అది రెండు దమ్ములు లాగి వెళ్ళిపోయిందని చెప్పేవారు. అందుకని ఇంట్లో ఎవరూ కుదురును పులినుంచి వేరు చేసి చూడలేదు. ఆయన పోయాక కుదురు మిగిలింది. అది విమానం ముక్క అన్న మాట కూడా ఆయనతోనే పోయిందనుకున్నాం.

అప్పుడు మేం హౌరా దగ్గర లిలువా అవతల ఉండేవాళ్ళం. లైను పక్కన రైలు పెట్టెలు బాగుచేసే ఒక చిన్న షెడ్డు, దాని వెనక క్వార్టర్లు. సగం మంది మన తెలుగువాళ్ళే. మా ఆయన షెడ్డులో పెయింటరు. పెయింటరంటే రంగు పూసేవాడు కాదు, పెట్టెల మీద అక్షరాలు, అంకెలు రాసేవాడు. రంగు పూసేవాళ్ళు వేరు, రాసేవాళ్ళు వేరు. మధ్యాహ్నం రాసేవాళ్ళు వేరే బల్ల మీద కూర్చుని తినేవారు. ఆ బల్ల మీద కూర్చునేది మా ఆయన, ఇంకొక ముసలాయన. ఇద్దరికీ మాటలుండేవి కావు.

ఆ రోజుల్లో నాకు అక్షరాలు రావు. చాలా ఏళ్ళ తర్వాత, చదువు రానివాళ్ళకు సర్కారు సాయంత్రం బడులు పెట్టినప్పుడు ముందు బెంగాలీ చదవడం నేర్చుకున్నాను, ఆ తర్వాత చర్చిలో తెలుగు. అప్పుడు మాత్రం మా ఆయన రాసేవన్నీ నాకు బొమ్మలే. రైల్వే గుర్తుగా రాసే రెండు ఇంగ్లీషు అక్షరాల్లో ఒకటి దువ్వెనలా ఉండేది. రెండోది ఒక కాలు ముందుకు చాపి నిలబడ్డ మనిషిలా ఉండేది. దువ్వెన పక్కన మనిషి కనబడితే ఆ వస్తువు రైల్వేది. అంతవరకూ చదవగలిగేదాన్ని.

కుండ చెమ్మకు కుదురు తుప్పు పట్టేది. మా ఆయన షెడ్డులో డబ్బా అడుగున మిగిలిన ఎర్ర రంగు తెచ్చి దానికి దట్టంగా పూశారు. అంతవరకూ బాగానే ఉంది. అయితే మా లైన్లలో ఇనుము దొంగలు ఎక్కువ. వరండాలో పెట్టిన కుంపటి తెల్లారేసరికి ఉండేది కాదు. రైల్వే గుర్తున్న వస్తువును మాత్రం దొంగ ముట్టడు. దానితో దొరికితే జైలు, పాత సామాన్ల కొట్టువాడు కూడా కొనడు. అందుకని మా ఆయన ఒక ఆదివారం చర్చినుంచి వచ్చి, కుదురు మెడ మీద తెల్ల రంగుతో దువ్వెనను, మనిషిని రాశారు. రాయడానికి నున్నటి చోటు అదొక్కటే. పెట్టెల మీద రాసినంత శ్రద్ధగానే రాశారు. ఆ తర్వాత దాని జోలికి ఎవరూ రాలేదు. అది చూసి ఇరుగుపొరుగు వాళ్ళు బకెట్లు, గునపాలు, నవారు మంచాలు పట్టుకొచ్చారు. అందరికీ రాసిపెట్టారు. చర్చి బల్లలకు కూడా రాశారు. పాస్టరు గారే అడిగారు.

ఎర్ర జెండా సర్కారు రెండోసారి గెలిచిన రోజులవి. షెడ్డులో ఇత్తడి సామాన్లు పోతున్నాయని ఒక ఉదయం కాపలా వాళ్ళు క్వార్టర్లు సోదా చేయడానికి వచ్చారు. వాళ్ళ అధికారిని అందరూ ఛోటోబాబు అనేవారు. మా ఇంట్లో ఇత్తడిది ఒక్క చెంబు ఉంది. దాన్ని తిప్పి చూసి పెట్టేశాడు. వెళ్ళిపోతూ వరండాలో ఆగాడు.

“ఏటిది?” అని తెలుగులోనే అడిగాడు. మా మధ్య తిరిగి తిరిగి ఆ ఒక్క మాట నేర్చుకున్నాడు.

“కుదురు బాబూ.”

“అంటే?”

“కుండ కింద పెట్టేది.”

కుండ దించమన్నాడు. దించాను. మెడ మీద ఉన్నది చదివాడు. వంగి రేకులు చూశాడు, బెజ్జాల్లో వేలు పెట్టి చూశాడు.

“రైల్వే ఎప్పటినుంచి కుండలకు కుదుర్లు చేస్తోంది?” అన్నాడు.

బ్రేకులకు గాలి పంపే యంత్రం ఒకటి ఉంటుందట. దానికి ఇలాగే రేకులున్న ఉక్కు గొట్టం ఉంటుందట. ఇది అదేనని తేల్చాడు. అతనితో వచ్చిన ఇద్దరూ తలలూపారు. మా ఆయనను షెడ్డునుంచి పిలిపించారు. ఆయన చేతికి తెల్ల రంగుతోనే వచ్చారు.

“ఇది రైలుది కాద్సార్. ఇమానం ముక్క. మా అయ్య తెచ్చినాడు” అన్నారు.

“విమానం ముక్క మీద రైల్వే అక్షరాలు ఎవరు రాశారు?”

“నానే రాసినాను.”

“ఎందుకు?”

“దొంగలు ఎత్తుకుపోకుండా.”

ఛోటోబాబు ఆ జవాబు రాసుకున్నాడు. రాసుకున్నది మళ్ళీ ఒకసారి చదువుకున్నాడు. నవ్వలేదు. కుదురును గోనె సంచిలో వేయించి సీలు కొట్టించాడు.

వాళ్ళు మా లైను దాటకముందే అన్ని ఇళ్ళలోంచీ ఒకటే చప్పుడు మొదలైంది. ఇటుక ముక్కలతో, పెంకులతో బకెట్లు గీకుతున్న చప్పుడు. మధ్యాహ్నానికి మా క్వార్టర్లలో దువ్వెనా లేదు, మనిషీ లేడు. చర్చి బల్లలు కూడా గీకేశారు. మాది ఒక్కటే గీకడానికి లేకుండా సీలులో ఉంది.

మా ఆయనను పనిలోంచి ఆపేశారు. విచారణ జరుగుతుందన్నారు. అది రైల్వే సొత్తని తేలితే ఉద్యోగం పోతుంది, దానితో క్వార్టరు పోతుంది. దొంగ అని పేరు పడ్డవాణ్ణి వేరే షెడ్డులోనూ తీసుకోరు. రైల్వేది కాదని తేలాలంటే అది ఏమిటో తేలాలి. మా మామగారు జీవితంలో ఒక్కసారైనా నిజం చెప్పి ఉంటే మా ఆయన ఉద్యోగం నిలుస్తుంది. పరిస్థితి అదీ.

మా ఆయన ఇంట్లో కూర్చుని గోడకేసి చూసేవారు. కుండ నేల మీద ఒక పక్కకి ఒరిగి ఉండేది. దానికింద పాత చీర చుట్ట పెట్టాను.

యూనియన్ దాదా వచ్చాడు. మంచివాడు. గొంతు పెద్దది. నన్ను బౌది అని, అంటే వదినా అని పిలిచేవాడు.

“బౌది, భయపడకండి. గేటు దగ్గర మీటింగు పెడతాం. నినాదాలు ఇస్తాం” అన్నాడు.

“ఏటని ఇస్తారు దాదా?” అని అడిగాను.

ఆలోచించాడు. “అక్కడే చిక్కుంది. అది ఏమిటో తెలిస్తే కదా” అన్నాడు.

టీ తాగి ఇంకాస్త ఆలోచించి, దమ్‌దమ్ వైపు విమానాల మెకానిక్కులకు పని నేర్పే ఒక బడి ఉందనీ, అక్కడ పాఠం చెప్పే మాస్టారు తన బావమరిది ఇంటి పక్కనే ఉంటారనీ చెప్పాడు. అయితే వస్తువును చూడకుండా ఆయన ఏమీ చెప్పరన్నాడు. వస్తువు సీలులో ఉంది. దాని జంట షాలిమార్‌లో ఉంది. అది మా వదిన దగ్గర ఉంది. అంటే సీలులో ఉన్నదాన్ని తేవడమే సులువు.

వదిన అంటే మా ఆయన అక్క. వాళ్ళాయన షాలిమార్ గూడ్స్ యార్డులో పనిచేసేవాడు. వదిన తండ్రి మాటను ఎవరైనా అనుమానిస్తే ఊరుకునేది కాదు. పులిని కూడా నమ్మింది. ఆమె దగ్గరున్న కుదురుకు రంగు లేదు, అక్షరాలూ లేవు. గది లోపల బియ్యం డబ్బా కింద ఉండేది. ప్రతి శనివారం డబ్బా దించి కుదురును కిరసనాయిలు గుడ్డతో తుడిచేది.

నేను వెళ్ళేసరికి చేపలు కడుగుతోంది. సంగతి అంతా తెలిసే ఉంది. అయినా నాచేత మొత్తం చెప్పించుకుంది.

“అయితే ఇప్పుడు మా అయ్య అబద్ధాలకోరు కాడన్నమాట” అంది.

“నానెప్పుడన్నాను వొదినా?”

“నా పెద్దోడి బారసాలకొచ్చి అన్నావు. పులి సుట్ట కాల్సితే దాని మీసాలు కాలిపోవా అనీసి అందరి ముందరా నవ్వినావు.”

“పులి సంగతి వేరు వొదినా. ఇది మీ తమ్ముడి ఉద్యోగం.”

“మా అయ్యకి రెండు నాలికలున్నాయేటి, పులికొకటీ ఇమానానికొకటీ?”

వదిన చేప తోక కోసి పారేసింది.

“ఇస్తే ఏటవుద్ది? నీ ఇంటికొచ్చిన పోలీసు రేపు నా ఇంటికొస్తాడు. నా మొగుడు కూడా రైల్వేయే. రెండు కొంపలు ఒకేపాలి మునిగిపోతే ఎవుల ఇంట్లో తలదాసుకుంటాం?”

“దీని మీద అచ్చరాలు నేవు కదా.”

“నేవు. నా తమ్ముడిలాగ నాకు పెయింటు పిచ్చి నేదు” అంది. చేపల గిన్నె పక్కకి జరిపి, “పాపం ఆడు, అన్నం తింటన్నాడా?” అని అడిగింది.

“ఒకపూట.”

వదిన చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది. బియ్యం డబ్బా జరుపుతున్న చప్పుడు వినిపించింది. బయటికి వచ్చి, “ఇవ్వను. పట్టుకొస్తాను” అంది. ఇవ్వడానికీ పట్టుకురావడానికీ తేడా ఉంది. ఆమె మాతో వస్తుంది, దాన్ని ఆమే మోస్తుంది, మాస్టారు చూస్తున్నంత సేపూ దానిమీద ఆమె చెయ్యి ఉంటుంది. నేను సరేనన్నాను. మా ఆయన రాకూడదని కూడా చెప్పింది. వస్తే దానికి రంగు పూస్తాడని.

మర్నాడు ఇద్దరం గోనె సంచిలో కుదురు పెట్టుకుని హౌరాలో బస్సెక్కాం. కూర్చోవడానికి చోటు దొరికింది. సంచి వదిన ఒళ్ళో పెట్టుకుంది. కండక్టరు వచ్చి సంచిని తట్టి చూశాడు.

“ఇందులో ఏముంది దిదీ?”

“విమానం” అంది వదిన బెంగాలీలో.

“మొత్తమా?”

“ముక్క.”

కండక్టరు చూపించమన్నాడు. వదిన సంచి మూతి విప్పి కుదురు మెడవరకూ చూపించింది. ఆ తర్వాత బస్సు మొత్తం చూసింది. కలకత్తా బస్సులో తెలియదని చెప్పే మనిషిని నేను అంతవరకూ చూడలేదు, ఆ రోజూ చూడలేదు. ధోవతి కట్టుకున్న పెద్దాయన అది ట్రాముదని చెప్పాడు. నలభై ఏళ్ళుగా రోజూ ట్రామెక్కుతున్నాడట. ట్రాము లోపల అలాంటిది ఎప్పుడైనా చూశారా అని వెనకనుంచి ఒకాయన అడిగాడు. ఎక్కేవాడు కిందకు దూరి చూస్తాడా అని పెద్దాయన కోప్పడ్డాడు. కాలేజీ సంచీ తగిలించుకున్న కుర్రాడు అది బావినీళ్ళు తోడే మోటారుదన్నాడు. జనపనార మిల్లులో ఇలాంటివి వందలున్నాయని ఇంకొకాయన. చివరికి బస్సు రెండు పార్టీలుగా చీలింది. ట్రాము పార్టీ కిటికీ వైపు, మోటారు పార్టీ తలుపు వైపు. విమానం అన్నది మేమిద్దరమే. మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. మేం దిగాల్సిన చోటు దాటిపోయింది. కండక్టరు కూడా చూసుకోలేదు, అతను ట్రాము వైపు మాట్లాడుతున్నాడు. దిగి వెనక్కి నడిచాం. వదిన సంచిని నాకు ఇవ్వలేదు.

మాస్టారు సన్నటి మనిషి, ముక్కుమీద కళ్ళద్దాలు. కుదురును బల్ల మీద పెట్టమన్నారు. వదిన పెట్టి, దాని రేకుల మీద చెయ్యి వేసి నిలబడింది. ఆయన ఆ చేతివైపు ఒకసారి చూశారు. కొలిచే పనిముట్టుతో నోటి వెడల్పు కొలిచారు. లోపల వేలితో తడిమి చూశారు. వెలుతురుకు తిప్పి మెడ మీద ఏదో చదివారు. నేనూ వంగి చూశాను. గోటితో గీరినంత సన్నగా, గుండ్రటి ముద్ర ఒకటి, దాని పక్కన చిన్న చిన్న గుర్తులు వరసగా ఉన్నాయి. దువ్వెన లేదు. మనిషి లేడు.

“ఇది ఎక్కడిది?” అని అడిగారు.

వదిన చెప్పింది. తండ్రి చెప్పినట్టే మొదలుపెట్టి చెప్పింది. హౌరా వంతెన దగ్గరకు రాగానే నేను ఆమె కాలు తొక్కాను. వంతెన వదిలేసింది.

మాస్టారు లేచి రమ్మన్నారు. పక్కన పొడవాటి గది. మధ్యలో ఇనుప స్టాండు మీద ఒక పెద్ద ఇంజను. లోపల ఏముందో పిల్లలకు కనబడేలా దాన్ని ఒక పక్క కోసి ఉంచారు. మధ్యలో ఒక గుండ్రటి పెట్టె, దాని చుట్టూ గొట్టాలు, చుక్క చుట్టూ కిరణాల్లాగా అన్ని వైపులకూ. ఒక్కొక్క గొట్టానికి తలమీద అల్యూమినియం టోపీ ఉంది. టోపీ కింద రేకులు. రేకుల కింద బోల్టులు బిగించిన చుట్టు. మెడ మాత్రం పెట్టె లోపలికి దూరి ఉంది. కోసిన పక్కన ఆ మెడ కూడా కనిపించింది. అది మా కుదురే. దాన్ని రోజూ చూసినదాన్ని, ఎవరూ చెప్పనక్కర్లేదు. దాని చుట్టూ తుడిచాను, దానిమీంచి నీళ్ళు ముంచుకున్నాను. అది ఇలా గాలిలో అడ్డంగా, కిందుమీదుగా, తోబుట్టువులతో కలిసి ఉంటుందని మాత్రం తెలీదు.

“పాత రోజుల విమానాల ఇంజను. యుద్ధంలో ఇలాంటివే వాడారు. ఇది దాని సిలిండరు గొట్టం. పైన అల్యూమినియం తల ఉండేది, కరిగించేసి ఉంటారు” అన్నారు మాస్టారు. “మీ నాన్న చెప్పింది నిజమే.”

వదిన ఇంజను చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

“ఇన్నుంటే రెండే తెచ్చినాడా మా అయ్య” అంది.

మాస్టారు నా వైపు చూశారు. నేను ఆ మాటను బెంగాలీలోకి మార్చలేదు.

ఆయన కాగితం రాసిస్తానన్నారు. కాగితం ఎవరైనా రాయగలరు, మీరే రావాలి అని వదిన అంది. ఆయన కుదురు వైపు ఇంకోసారి చూసి, విచారణ అయ్యాక దీన్ని మా బడికి ఇస్తారా అని అడిగారు. వదిన సంచి మూతి కట్టేసింది. అయినా ఆయన వస్తానన్నారు.

విచారణ షెడ్డు ఆఫీసులో జరిగింది. విచారించే అధికారి వేరే ఊరునుంచి వచ్చాడు. మర్యాదస్తుడు, ఎవరినీ కసరలేదు. బల్ల మీద ఒక పక్క మా కుదురు, ఒక పక్క వదినది. మా కుదురు ఎర్రగా, తెల్ల అక్షరాలతో కొత్త రైలు పెట్టెలా ఉంది. వదినది నల్లగా కిరసనాయిలు వాసన వేస్తోంది. మాస్టారు చెప్పాల్సింది చెప్పారు. యూనియన్ దాదా నినాదాలు సిద్ధం చేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఛోటోబాబు గాలి యంత్రం మాట మళ్ళీ చెప్పాడు.

“ఈ నల్లది విమానందే కావచ్చు” అన్నాడు అధికారి. “ఈ ఎర్రదీ అదేనని ఎలా? ఎత్తు ఒకటే, వెడల్పు ఒకటే, ఒప్పుకుంటాను. కానీ దీనిమీద రైల్వే అక్షరాలున్నాయి.”

“నానే రాసినాను సార్” అన్నారు మా ఆయన.

“అది చదివాను. నా సర్వీసంతా చూశాను, దొంగలు రైల్వే అక్షరాలు చెరిపేస్తారు. రాసిన దొంగను చూడలేదు. అందుకే నీ మాట కొంత నమ్మాలని ఉంది. నమ్మడానికి నాకు ఇంకేదైనా కావాలి.”

మాస్టారు వదిన కుదురు మెడమీది ముద్ర చూపించారు. ఎర్రదాని మీద కూడా అదే చోట ఉండాలి, రంగు కింద ఉంటుంది, గీకి చూడండి అన్నారు.

గదిలో ఎవరూ కదల్లేదు. ఛోటోబాబు తన మనిషి వైపు చూశాడు. అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. రైల్వే గుర్తు చెరపడం నేరం, ముందు అది రైల్వేది కాదని తేలాలి, తేలాలంటే చెరపాలి. అధికారి పెన్ను మూత పెట్టి మళ్ళీ తీశాడు. చెరపమని తాను ఆర్డరు రాస్తే, రేపు అది రైల్వేదేనని తేలితే ఆ ఆర్డరు తన మెడకు చుట్టుకుంటుందన్నాడు. మా ఆయన ముందుకు వచ్చారు. నిందితుడు సాక్ష్యాన్ని ముట్టుకోకూడదన్నాడు అధికారి. మాస్టారు తాను చూడటానికే వచ్చానన్నారు. యూనియన్ దాదా, కార్మికుడి చేతి రాతను కార్మిక నాయకుడు చెరపడం బాగుండదన్నాడు.

“నాను గీకుతాను” అన్నాను.

“మీరెవరు?” అన్నాడు అధికారి.

“ఆ ఇంటిదాన్ని. రైల్వేలో నాకు పని నేదు. నన్ను తీసెయ్యడానికి ఉద్యోగం నేదు.”

మా ఆయన ఆ మాటను హిందీలో చెప్పారు. అధికారి కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. అది వద్దనడం కాదని అర్థమైంది. వదిన కొంగుముడిలోంచి కిరసనాయిలు గుడ్డ తీసి ఇచ్చింది. ఎప్పుడు తెచ్చిందో తెలీదు. గుమాస్తా బల్లమీది ఇనుప స్కేలు నా వైపు జరిపి, తనకేమీ తెలియనట్టు వేరే పని చూసుకున్నాడు.

రంగు మొండిది. తేలిగ్గా రాలేదు. మా ఆయన ఏ పనీ పైపైన చేసే మనిషి కాదు. ముందు మనిషి కాలు పోయింది, తర్వాత మనిషి. దువ్వెన పళ్ళు ఒక్కొక్కటే ఊడాయి. కిరసనాయిలు తగిలి ఎర్ర రంగు ముద్దలు ముద్దలుగా లేచింది. నేను గీకుతున్నంతసేపూ మా ఆయన తల పక్కకి తిప్పుకుని నిలబడ్డారు. తన రాత పోతున్నందుకో, కింద ఏమీ లేకపోతే ఏమవుతుందనో నాకు తెలియలేదు. నాకు మాత్రం రెండోదే. ఉక్కు బయటపడింది. నున్నగా ఉంది. ఏమీ లేదు. ఇంకొంచెం పక్కకి గీకాను. అక్కడా ఏమీ లేదు. ఛోటోబాబు గొంతు సవరించుకున్నాడు.

“దువ్వెన కింద సూడు” అంది వదిన. “సిన్న ముద్రలో రంగు కూరుకుపోతాది. గుడ్డ పెట్టి నొక్కు. నానయితే ప్రతి శనివారం అలగే తుడుస్తాను.”

గుడ్డ తడిపి నొక్కి పట్టుకున్నాను. తీసేసరికి ఉక్కు మీద ఎర్రటి గుండ్రటి గీత మిగిలింది. ముద్ర. దాని పక్కన చిన్న గుర్తులు వరసగా, గాడిలో ఎర్ర రంగు నిండి, వదినదాని కన్నా స్పష్టంగా ఉన్నాయి.

మాస్టారు రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివారు. ముద్ర ఒకటే. చివరి అంకెలు తప్ప మిగతావన్నీ ఒకటే. అధికారి లేచి వచ్చి తానూ చదివాడు. ఛోటోబాబు చదవలేదు.

అధికారి చాలాసేపు రాశాడు. తర్వాత చదివి వినిపించాడు. వస్తువు రైల్వే సొత్తు కాదు. దొంగతనం నిందను కొట్టేస్తున్నాం. ఉద్యోగం, క్వార్టరు యథాప్రకారం ఉంటాయి. యూనియన్ దాదా ఒక నినాదం ఇవ్వబోయాడు, ఇంకా ఉంది ఆగమన్నాడు అధికారి. వస్తువు రైల్వేది కాకపోయినా దానిమీది ఎర్ర రంగు రైల్వేది. తెల్ల రంగూ రైల్వేదే. రైల్వేది కానిదాని మీద రైల్వే గుర్తు రాయడం ఇంకా పెద్ద తప్పు, దీన్ని ఏ నిబంధన కింద వెయ్యాలో తనకు దొరకలేదు, దొరికినంతలో శిక్ష వేశానన్నాడు.

వస్తువును వాపసు తీసుకున్నట్టు ఎవరైనా సంతకం చెయ్యాలి. మా ఆయన విచారణలో ఉన్న ఉద్యోగి కాబట్టి నన్ను చెయ్యమన్నారు. నాకు సంతకం రాదని చెప్పాను. గుమాస్తా సిరా డబ్బా కోసం సొరుగు లాగి, నా చెయ్యి చూసి మళ్ళీ మూసేశాడు.

“అక్కర్లేదు. అలాగే వేసెయ్యండి” అన్నాడు.

నా బొటనవేలు ఎర్రగా ఉంది. కాగితం మీద వేశాను. బాగా పడింది.

బయట వదిన తన కుదురు తాను పట్టుకుని, షాలిమార్ బస్సు ఎక్కడ ఆగుతుందో ఎవరినో అడుగుతోంది. నేను మా కుదురు ఎత్తుకున్నాను. మా ఆయన ఖాళీ చేతులతో పక్కన నడుస్తున్నారు.

“సోమవారం రమ్మన్నారు” అన్నారు.

“రాయడానికేనా మావా?”

“కాదు. పాత పెట్టెలొస్తాయి కదా. ముందు వాటి మీద అచ్చరాలు తీసెయ్యాలి. ఆ గుంపులో ఏసినారు.”

“ఎన్నాళ్ళు?”

“ఏడాది.” కొంచెం నడిచాక ఆగి, నా చేతుల్లోని కుదురు మెడ చూశారు. “ఆ ఇనుప స్కేలుతో అడ్డంగా గీకినావు. అలగ గీకితే కింద గీతలు పడతాయి. నిలువుగా గీకాలి” అన్నారు.

“ఎలగో సూపించు” అన్నాను.

చూపించారు.